రోడ్డు వైపు నడిచిన బోర్డు

మనుషులు ఇంతవరకు కనిపెట్టిన పరిపాలనా పద్ధతులన్నిటిలోకీ లోపం లేనిది పశ్చిమ టెక్సస్‌లోని సాల్ట్ ఫోర్క్ అనే ఊళ్లో అమల్లో ఉంది. ఆ ఊళ్లో మంచినీళ్ల గొట్టం పగిలితే బాగుచేసే మనిషి ఒకడున్నాడు గానీ ఆయన ఎప్పుడూ పక్క ఊళ్లోనే ఉంటాడు. వానలు లేక పత్తి ఎండిపోతే ఏం చెయ్యాలో ఆలోచించడానికి ఒక సంఘమంటూ లేదు. కానీ ఉన్నత పాఠశాల ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌ని ఉంచాలా, మార్చాలా అన్న ప్రశ్నకు మాత్రం ఒక స్థాయీ సంఘం, దానికింద ఉపసంఘాలు, నియమావళి, చర్చి హాలు, ఆ హాల్లో పెద్ద కాఫీ పాత్ర, అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో ఆ నియమావళిలో ఎక్కడా రాయలేదు. (ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అప్పుడే పుట్టిన పిల్లలకు కాస్త వ్యవధి ఇస్తారు.) రాయాల్సి వస్తే ఇలా రాసేవారేమో: బంతిని ముందుగా అందుకుని, తనకు రెట్టింపు బరువున్న అవతలి జట్టువాళ్లు వచ్చి మీద పడేలోగా దాన్ని ఎవరికి విసరాలో తేల్చుకోవలసిన విద్యార్థి. జట్టు గెలిస్తే అది దేవుడి దయ. ఓడితే అది ఈ విద్యార్థి.

ఆ సంవత్సరం ఆ విద్యార్థి పేరు టకర్ ల్యాంబ్రైట్. వయసు పదహారు. అతని జట్టు పేరు అడవిపందులు. అడవిపందులు వరసగా ఐదు శుక్రవారాలు ఓడిపోయారు.

ఇక బోర్డు సంగతి. ఆగస్టులో ఆటలు మొదలయ్యే ముందు సంఘంవాళ్లు ప్రతి ఆటగాడి ఇంటిముందూ అతని అంకె రాసిన చెక్కబోర్డు పాతుతారు. మిగతా ఆటగాళ్ల బోర్డులు పాతినచోటే ఎండకు ఎండి వెలిసిపోతాయి. క్వార్టర్‌బ్యాక్ బోర్డు మాత్రం నడుస్తుంది. మొదట అది వరండా మెట్ల పక్కన ఉంటుంది. జట్టు ఓడిన మర్నాడు పొద్దున్నే బోర్డుల ఉపసంఘం ట్రక్కులో వచ్చి, దాన్ని పీకి, రోడ్డు వైపు ఒక అంగ జరిపి పాతి, ఇంట్లోవాళ్లు ఎవరైనా కనిపిస్తే టోపీ ఎత్తి పలకరించి వెళ్తుంది. గెలిస్తే ఒక అంగ ఇంటివైపు. అలా నడిచి నడిచి బోర్డు రోడ్డు పక్క గుంటలోకి దిగిన రోజున క్వార్టర్‌బ్యాక్ మారిపోయినట్టు లెక్క. ఎవరూ ఎవరికీ నోటితో చెప్పనక్కర్లేదు. (ముఖం మీద చెప్పడం మొరటుతనమని సాల్ట్ ఫోర్క్ వాసులు గట్టిగా నమ్ముతారు.)

ఈ పద్ధతివల్ల ఇంటిముందు జాగా ఎక్కువున్న పిల్లలు ఎక్కువకాలం క్వార్టర్‌బ్యాక్‌లుగా కొనసాగారు. వందల ఎకరాల పశువుల బీడు ఉన్న ఒక కుటుంబంలోని కుర్రవాడైతే ఒక్క ఆటా గెలవకుండా చదువు పూర్తిచేసుకున్నాడు. అప్పటికి అతని బోర్డు ఇంకా లేగదూడల కొట్టందాకా కూడా రాలేదు. పెద్ద పొలాలున్న ఇళ్లలోనే నిలకడైన ఆటగాళ్లు పుడతారని ఊరు నమ్మడానికి ఇదే ఆధారం.

ల్యాంబ్రైట్ల ఇంటిముందు జాగా తక్కువ. ఐదో ఓటమి తర్వాత బోర్డుకూ గుంటకూ మధ్య ఒక్క అంగ మిగిలింది.

ఆ ఒక్క అంగనూ రోజూ కిటికీలోంచి చూస్తున్నది టకర్ చెల్లెలు మార్నీ. ఆమె పాఠశాల వాద్యబృందంలో క్లారినెట్ వాయిస్తుంది. వాయిద్యం నోట్లో ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడమనరు గనక దాన్ని ఎంచుకుంది. తరగతిలో టీచరు ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా తల కిందికి దించుకునే రకం. తండ్రి చమురుబావుల పనిమీద నెలలో సగం బయటే ఉంటాడు. తల్లి రోండా పాఠశాల వంటగదిలో పనిచేస్తుంది. టకర్ ఓడిన వారాల్లో ఆమె వడ్డించే బంగాళాదుంపల ముద్ద గురించి కూడా ఊళ్లో అభిప్రాయాలు మారాయి.

ఆటరోజున వాద్యబృందం కూర్చునేది సరిగ్గా సంఘం పెద్దల వెనక వరసలో. కాబట్టి అన్న ఎందుకు సరిగా విసరడం లేదో మార్నీకి ఆ ఐదు వారాల్లోనూ అధికారికంగా తెలుస్తూ వచ్చింది. మొదటి వారం జుట్టు కారణం, కళ్లమీద పడుతోంది. టకర్ కత్తిరించుకున్నాడు. రెండోవారం కత్తిరించుకోవడం కారణం. బలం జుట్టులోనే ఉంటుందని బైబిల్లోనే ఉంది కదా అని బ్రదర్ లూమిస్ గుర్తుచేశారు. (బ్రదర్ లూమిస్ చర్చి పాస్టరు, సంఘం ఉపాధ్యక్షుడు కూడా. ఏ హోదాలో గుర్తుచేశారో తెలియదు.) మూడోవారం కారణం ఓ అమ్మాయి. అసలు టకర్‌కి అమ్మాయెవరూ లేరని తేలాక, నాలుగోవారం కారణం అమ్మాయి లేకపోవడం. ఐదోవారం ఎవరో అతని కాళ్ల సంగతి ఎత్తారు గానీ వానజల్లు పడటంతో చర్చ వాయిదా పడింది.

టకర్‌ని కాపాడవలసిన ఐదుగురు ముందువరస పిల్లలు ప్రతిసారీ పక్కకు తప్పుకుని అవతలివాళ్లకు దారి ఇస్తున్నారని మార్నీకి కనిపించేది. కానీ ముందువరస పిల్లలు ఐదుగురూ సంఘసభ్యుల కొడుకులు. ముందువరస బ్రహ్మాండంగా ఉందని సంఘం ఆగస్టులోనే తీర్మానించింది. తీర్మానం అయిపోయిన విషయాన్ని మళ్లీ కళ్లతో చూడటం నియమాలకు విరుద్ధం.

ఇంతకీ ఆఖరి ఓటమికి అసలు కారణం జుట్టూ కాదు, అమ్మాయీ కాదు. నాలుగో ఆటలో, కాటన్‌వుడ్ జట్టు మీద, టకర్ కుడి భుజం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. పైన ముగ్గురు పడ్డారు. మర్నాడు పొద్దున వంటింట్లో అతను ఎడమచేత్తో అలమర తెరుస్తుంటే మార్నీ చూసింది. పై అరలో ఉన్న అటుకుల డబ్బా దించమని ఆమెను అడిగాడు. టకర్ ఆమెకంటే చాలా పొడుగు.

"నువ్వే తీసుకోవచ్చుగా," అంది.

"తీసుకోగలిగితే నిన్నెందుకు అడుగుతాను?"

ఆరోజు నుంచి బడికి వెళ్లేముందు అతని చొక్కా ఆమే తొడుగుతోంది. ముందు కుడిచెయ్యి దూర్చాలి, తర్వాత తల, తర్వాత ఎడమచెయ్యి. క్రమం తప్పితే అతను పళ్లు బిగిస్తాడు. అమ్మకు చెబుదామంటే వద్దన్నాడు. అమ్మకు చెబితే అమ్మ కోచ్ పెట్రీకి చెబుతుంది, కోచ్ సంఘానికి చెబుతాడు, సంఘం బోర్డు జరుపుతుంది.

"ఎలాగూ జరుపుతారు కదా," అంది మార్నీ.

"జరిపితే ఓడిపోయినందుకు జరపాలి. నొప్పని ఏడ్చినందుకు కాదు," అన్నాడు టకర్. "ఈ ఊళ్లో మొదటిదానికి పదేళ్లు తిడతారు. రెండోదానికి చచ్చేదాకా నవ్వుతారు."

ఎవరికీ చెప్పనని మార్నీ ఒట్టేసింది. ఐదో ఆటలో అతను విసిరిన బంతులు గాల్లో పావురాల్లా ఎటో తిరిగి అవతలివాళ్ల చేతుల్లో వాలాయి. విసిరిన ప్రతిసారీ టకర్ ముఖంలో ఏమౌతోందో వాద్యబృందంలో ఒక్కరే చూశారు, చూసి ఒక స్వరం తప్పు వాయించారు.

బోర్డు చివరి అంగ వెయ్యాలంటే సంఘం సమావేశమై ఓటు వేయాలి. అధ్యక్షుడు గార్లండ్ స్టబుల్‌ఫీల్డ్. ట్రాక్టరు టైర్లు అమ్ముతాడు. కుర్రతనంలో అడవిపందుల క్వార్టర్‌బ్యాక్‌గా ఉండి, ఒకసారి జట్టును రాష్ట్ర పోటీల చివరి మెట్టు ముందుదాకా తీసుకెళ్లాడు. ఆ ఆటలో ఆయన వేసిన విసురు ఏటేటా పొడవు పెరుగుతూ వస్తోంది. ఇంకో పదేళ్లు ఆయన ఆరోగ్యంగా ఉంటే అది మైదానం దాటుతుందని అంచనా.

మార్చాల్సి వస్తే టకర్ బదులు ఎవరు? దానికి సంఘం ముందే ఒక పేరు అనుకుంది. హ్యూయిట్ స్పార్క్స్ అనే తొమ్మిదో తరగతి పిల్లవాడు. బక్కగా, పొడుగ్గా ఉంటాడు. తన పేరు పరిశీలనలో ఉందని తెలిసిన పూట హ్యూయిట్ బడి కారిడార్‌లోనే వాంతి చేసుకున్నాడు. ఆటంటే పిల్లవాడికి ఎంత తపనో దీన్నిబట్టి తెలుస్తోందని సంఘం హర్షం వ్యక్తం చేసింది.

ఊరు రెండుగా చీలింది. మార్చాలనేవాళ్లు పొద్దున ఫలహారశాలలో కిటికీ వైపు కూర్చున్నారు, ఉంచాలనేవాళ్లు గోడవైపు. ఎటూ తేల్చుకోని ఒక ముసలాయన కొన్నాళ్లు నిలబడే గుడ్లు తిన్నాడు. మంగలి ఓటిస్ గడ్డం గీసేముందే ఏ పక్షమో అడిగేవాడు. (అడిగి ఊరుకునేవాడు. కానీ కత్తి చేతిలో ఉండగా అడిగేవాడు.) టకర్ రోడ్డుమీద కనిపిస్తే రెండు పక్షాలవాళ్లూ ఒకేరకంగా పలకరించేవారు: "ఏం నాన్నా, బాగున్నావా?" భుజం తట్టేవారు. కుడి భుజమే తట్టేవారు. టకర్ బాగున్నానండీ అనేవాడు.

సమావేశం ఆదివారం, ప్రార్థన అయ్యాక, అందరూ తలా ఓ వంటకం తెచ్చి భోజనాలు ముగించాక, చర్చి హాల్లో జరిగింది. అది చేమంతుల వారం. ఆ వారం ఊరినుంచి వెళ్లిపోయిన పాత విద్యార్థులంతా ఆట చూడ్డానికి తిరిగొస్తారు. బడిపిల్లలు పళ్లెమంత కాగితపు చేమంతులకు మోకాళ్లదాకా రిబ్బన్లు వేలాడదీసి, వాటికి మువ్వలు కట్టి, గుండెమీద తగిలించుకుని వారమంతా గలగలమంటూ తిరుగుతారు. హాల్లో వెనకబల్లల దగ్గర ఆడవాళ్లు కూర్చుని చేమంతులు కడుతున్నారు. రోండా పక్కన మార్నీ ఒళ్లో ఒక చేమంతి ఉంది, రిబ్బను కొసలకు మువ్వలు కుడుతోంది.

మాట్లాడే హక్కు గురించి నియమావళి స్పష్టంగా ఉంది. ఆటగాళ్ల గురించి మాట్లాడాలంటే స్వయంగా అడవిపందుల తరఫున ఒక ఏడాదైనా ఆడి ఉండాలి. ఆడనివారు ఆటరోజు అమ్మే చిరుతిళ్లు, ప్రేక్షకులు చలికి కప్పుకునే దుప్పట్లు అనే రెండు అంశాలమీద మాట్లాడవచ్చు. ఆడవాళ్లను మాట్లాడనివ్వరని దీనర్థం కాదు. చిరుతిళ్లమీద ఎంతసేపైనా మాట్లాడనిస్తారు.

మొదటి అంశం క్వార్టర్‌బ్యాక్. చర్చ చాలాసేపు నడిచింది. మార్చాలన్నవాళ్లు టకర్‌లో ఆత్మవిశ్వాసం లేదన్నారు. ఉంచాలన్నవాళ్లు అతనికి ఆత్మవిశ్వాసం నేర్పాలంటే మార్చేస్తామని ఇంకొంచెం గట్టిగా బెదిరించాలన్నారు. కోచ్ పెట్రీ, ఎప్పటిలాగే, తనకు రెండు పక్షాలమీదా గౌరవముందన్నాడు. (ఆయన ఉద్యోగం ఏటికేడు పొడిగిస్తారు.) చివరికి గార్లండ్ లేచి బాధగా మాట్లాడాడు. తనకు ఆ పిల్లాడంటే కొడుకుతో సమానమన్నాడు. "కానీ కొడుకు పనికిరాడని తెలిశాక తండ్రి ఏం చేస్తాడు? పక్కింటి పిల్లాణ్ణి చూస్తాడు," అన్నాడు. చాలామంది తలలూపారు. ఓటింగు చివర్లో పెట్టుకుందామని తర్వాతి అంశాలకు వెళ్లారు.

మార్నీ కళ్లముందు రెండు దారులున్నాయి. నోరు మూసుకుంటే రేపు పొద్దున బోర్డు గుంటలోకి దిగుతుంది. టకర్ చెయ్యి బతుకుతుంది. అలా అనుకుని నోరు మూసుకుందామనే వచ్చింది. కానీ ఓట్లు సరిసమానంగా ఉన్నాయని, బ్రదర్ లూమిస్ ఉంచడం వైపు మొగ్గుతున్నారని పక్కబల్ల దగ్గర గుసగుసలు వినిపించాయి. ఉంచితే శుక్రవారం టకర్ మళ్లీ ఆ చేత్తోనే విసరాలి. హాలు బయట కుర్రాళ్లతో కలిసి మడతకుర్చీలు ట్రక్కులోకి ఎక్కిస్తూ టకర్ కనిపిస్తున్నాడు. ఎడమచేత్తో ఎక్కిస్తున్నాడు. చూసినవాళ్లకు అది హుషారులా ఉంది.

దుప్పట్ల అంశం ముగిసింది. చిరుతిళ్ల అంశం మొదలైంది. గార్లండ్ భార్య నెల్డా లేచి, మొక్కజొన్న చిప్స్ మీద చీజు పోసి ఇచ్చేటప్పుడు ఊరబెట్టిన మిరపకాయ ముక్కలు పైన వేసి ఇవ్వాలా, విడిగా ఇవ్వాలా అని సభను అడిగింది. ఈ ప్రశ్న కిందటేడు కూడా తేలలేదు. ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. "ఇంకెవరైనా ఉన్నారా మిరపకాయల మీద?" అంది నెల్డా.

మువ్వలు గలగలమన్నాయి. అందరూ వెనక్కి తిరిగారు. మార్నీ లేచి నిలబడి ఉంది. లేచినట్టు ఆమెకూ అప్పుడే తెలిసింది. చేమంతి ఇంకా చేతుల్లోనే ఉంది, మువ్వలు ఆగలేదు.

"మిరపకాయలు విడిగా ఇవ్వండి," అంది. "మా అన్నయ్య కుడిచెయ్యి పైకి లేవట్లేదు. కాటన్‌వుడ్ ఆట నుంచీ. చొక్కా కూడా నేనే తొడుగుతున్నాను. వాణ్ణి ఇంక విసరనివ్వకండి."

కూర్చుంది. మువ్వలు కాసేపు గలగలమని ఆగిపోయాయి.

"మిరపకాయలు విడిగా," అంది నెల్డా. "సరేనమ్మా, రాసుకున్నాను."

రోండా కూతురి వైపు తిరిగి, చేతిలోని కత్తెర బల్లమీద పెట్టేసింది. ముందు వరసలో గార్లండ్ స్టబుల్‌ఫీల్డ్ నెమ్మదిగా లేచాడు. టోపీ తీశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని దగ్గరున్నవాళ్లు తర్వాత చెప్పారు. అలాంటి మనిషి కంటనీరు పెట్టడం చూసి మార్నీ మళ్లీ సూది అందుకుంది. ఊరికి తెలిసింది. ఇక ఊరు చూసుకుంటుంది.

"ఐతే ఇన్నాళ్లూ మన పిల్లాడి తప్పు కాదన్నమాట," అన్నాడు గార్లండ్. "భుజానిది."

అందరి మనసుల్లోనూ ఐదు వారాలుగా ఉన్న బరువు దిగిపోయింది. మొదటి అంశాన్ని మళ్లీ చర్చకు తెరిచారు. బ్రదర్ లూమిస్ తర్కం విడమరిచి చెప్పారు: క్వార్టర్‌బ్యాక్‌ని మార్చవలసింది అతనిలో లోపం ఉన్నప్పుడు. ఇక్కడ లోపం అతనిలో లేదు, అతని భుజంలో ఉంది. భుజానికి జట్టులో సభ్యత్వం లేదు. దానిమీద సంఘానికి అధికారం లేదు. కాబట్టి పిల్లవాణ్ణి తీసెయ్యడం అన్యాయం. అంత నొప్పితో ఒక ఆటంతా ఆడాడంటే ఇలాంటి క్వార్టర్‌బ్యాక్ ఊరికి దొరకడం అదృష్టం. కిటికీ పక్షం, గోడ పక్షం అన్న తేడా లేకుండా అందరూ చేతులెత్తారు. (అన్నీ కుడిచేతులే.) టకర్ ల్యాంబ్రైట్‌ని క్వార్టర్‌బ్యాక్‌గా కొనసాగించాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది.

"విసరనివ్వకండి అన్నాను," అంది మార్నీ. కానీ కూర్చున్న తర్వాత అంది. నియమాల ప్రకారం లేచి అనాలి.

రోండా లేచే అంది. "గార్లండ్, వాడికి కావలసింది డాక్టరు. మీ ఓట్లు కాదు."

గార్లండ్ చాలా మర్యాదగా తల వంచాడు. "నీ బాధ మాకు తెలీదా రోండా? తల్లివి. ఆటలన్నీ అయిపోగానే డాక్టరు దగ్గరికి సంఘం కారే పంపిస్తుంది. ఈలోపు మన ఎబర్స్ ఉన్నాడుగా."

ఎబర్స్ బడిలో కారు నడపడం నేర్పుతాడు. మంచుగడ్డల పెట్టె తాళం ఆయన దగ్గరే ఉండటంవల్ల జట్టు వైద్యసహాయకుడు కూడా ఆయనే. టకర్‌ని లోపలికి పిలిచి, అందరి ముందూ మూడు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. టకర్ మూడన్నాడు. ఎబర్స్ సంఘం వైపు తిరిగి తల ఊపాడు.

తర్వాత కోచ్ పెట్రీ దగ్గరికొచ్చి, పిల్లాడి ముఖంలోకి చూశాడు. "ఆడతావా, నాన్నా?"

టకర్ హాలు మొత్తం కలయజూశాడు. చెల్లెలి దగ్గర చూపు ఆగింది. ఆగి, మళ్లీ కోచ్ వైపు తిరిగింది. "ఆడతాను సార్," అన్నాడు.

(సాల్ట్ ఫోర్క్‌లో ఈ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పినవాళ్లు లేరు. చెప్పాలనుకున్నవాళ్ల సంఖ్య తెలియదు.)

ఇంటికొచ్చాక రోండా ఊరుకోలేదు. పెద్ద ఊళ్లోని ఎముకల డాక్టరుకు ఫోన్ చేసి గురువారం మధ్యాహ్నానికి సమయం తీసుకుంది. టకర్ కారెక్కలేదు. గురువారం చివరి సాధన ఉంటుంది. కాళ్లు పట్టుకున్నంత పనిచేసింది తల్లి. "ఇప్పుడు మానేస్తే ఏమంటారో తెలుసా అమ్మా?" అన్నాడు టకర్. "బోర్డు గుంటలో పడబోతుంటే ల్యాంబ్రైట్ కుర్రాడు చెల్లెల్ని లేపి భుజం కథ చెప్పించాడంటారు. ఆడితేనే అది నిజమైన నొప్పి." రోండా మళ్లీ డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టరు ఆటలు అయిపోయిన తర్వాతి వారానికి వాయిదా ఇచ్చాడు.

ఊరు మాత్రం ఆ వారం ఎంతో ఉదారంగా ప్రవర్తించింది. సోమవారం పొద్దున్నే బోర్డుల ఉపసంఘం వచ్చి బోర్డును రోడ్డు పక్కనుంచి పీకి, వరండా మెట్ల దగ్గరికి తెచ్చి పాతింది. ఐదు అంగలూ ఒకేసారి వెనక్కి రావడం ఊరి చరిత్రలో అదే మొదటిసారి. ఈసారి గుంత తీసి సిమెంటు కూడా పోశారు. ఫలహారశాలలో కిటికీవాళ్లూ గోడవాళ్లూ కలిసి కూర్చున్నారు; నిలబడి తింటున్న ముసలాయన కూర్చుని తిన్నాడు. దుకాణాల అద్దాలమీద తెల్లరంగుతో "మన భుజం" అని రాశారు. నెల్డా భుజం బొమ్మ అచ్చువేయించి చొక్కాలు చేయించింది. చర్చిలో భుజం కోసం ప్రార్థన చేశారు, ప్రార్థన తర్వాత వరసగా వచ్చి దాన్ని తట్టారు. హ్యూయిట్ స్పార్క్స్ ఆ వారమంతా కడుపునిండా తిన్నాడు.

రోడ్డుమీద కనిపించినవాళ్లంతా మార్నీని కూడా మెచ్చుకున్నారు. అన్నకోసం నోరు విప్పిన పిల్ల అన్నారు. నీవల్లే మీవాడు నిలబడ్డాడమ్మా అన్నారు. మార్నీ తల కిందికి దించుకుంది. ఎంత అణకువో అన్నారు.

టకర్ ఆమెతో ఆ వారం మాట్లాడలేదు. శుక్రవారం సాయంత్రం మైదానానికి బయల్దేరే ముందు ఆమె గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు, చేతిలో తన అంకె ఉన్న చొక్కా పట్టుకుని. మార్నీ లేచి తీసుకుంది. ముందు కుడిచెయ్యి. తర్వాత తల. అతను పళ్లు బిగించాడు, క్రమం తప్పకపోయినా.

"నేను ఆపేస్తారనుకున్నాను," అంది.

"తెలుసు."

"చెప్పకుండా ఉండాల్సింది."

"అదేం లేదులే," అన్నాడు. "ఇంతకుముందు ఎవరికీ తెలీకుండా నొప్పి పుట్టేది. ఇప్పుడు అందరికీ తెలిసి పుడుతుంది. మూలిగినా ఏమీ అనుకోరు." ఎడమచెయ్యి తనే దూర్చుకున్నాడు.

ఆటలో కోచ్ పెట్రీ కొత్త వ్యూహం తెచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ విసరలేడు కాబట్టి విసరడు. బంతిని పొట్టకు అదుముకుని తనే పరిగెడతాడు. విసిరే అవకాశమే లేకపోవడంతో అవతలివాళ్లకు గందరగోళంగా ఉంది, కాసేపటికి అర్థమైంది, అర్థమయ్యాక వాళ్లకు పడగొట్టవలసింది ఒక్కణ్ణే. ఎటువైపు పడగొట్టాలో కూడా వాళ్లు ఊరి దుకాణాల అద్దాలమీద చదువుకునే వచ్చారు. ముందువరస పిల్లలు యథాప్రకారం పక్కకు తప్పుకున్నారు. టకర్ పడ్డాడు, లేచాడు, పడ్డాడు. వాద్యబృందం ప్రతిసారీ జట్టు పాట వాయించింది. ఆఖరి నిమిషాల్లో ఇద్దరు అతని భుజాన్ని పట్టుకు వేలాడుతుండగానే టకర్ అవతలి జట్టు చివరి గీత దాటి పడ్డాడు. అడవిపందులు మూడు పాయింట్ల తేడాతో గెలిచారు.

ఊరంతా లేచి నిలబడింది. ఏటేటా తిరిగొచ్చే పాత విద్యార్థులూ నిలబడ్డారు. గార్లండ్ స్టబుల్‌ఫీల్డ్ టోపీ గుండెకు ఆనించుకుని, ఆ కుర్రవాడిలో తనను తాను చూసుకుంటున్నానన్నాడు. అప్పటికప్పుడు పుట్టిన కొత్త ఆచారం ప్రకారం జనమంతా ఎడమచేత్తో తమ తమ కుడి భుజాలు చరుచుకుంటూ ఉరుములాంటి చప్పుడు చేశారు. పాతికమంది గుండెలమీద చేమంతుల మువ్వలు ఆ చప్పుడులో కలిశాయి. మార్నీ క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, కింద మైదానంలో అన్న మోకాళ్లమీద లేవడం, కుడిచెయ్యి పక్కన ఖాళీ చొక్కాచేతిలా వేలాడటం, అతను జనంవైపు తిరగడం చూసింది. ఎబర్స్ పరుగెత్తుకొచ్చి మూడు వేళ్లు చూపించాడు.

జనానికి చెయ్యి ఊపడానికి టకర్‌కి ఎడమచెయ్యి ఇంకా మిగిలే ఉంది.